బొటాక్స్, ఊపిరి: తొలిరోజు గడిస్తే గండం గడిచినట్టేనా?

"సూది వేయించుకుని ఒక రోజైంది, ఊపిరి బాగానే ఆడుతోంది, ఇక భయం లేనట్టే కదా డాక్టర్ గారూ?" అని ముఖంపై ముడతలకు బొటాక్స్ వేయించుకున్నవారు నన్ను తరచుగా అడుగుతుంటారు. ఈ విషయంలో అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే.

నిమిషాల్లోనే దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వస్తే అది అలర్జీ, వెంటనే వైద్యం అందాలి. బొటాక్స్‌లోని అసలు మందైన టాక్సిన్ (విషపదార్థం) దారి వేరు. నరాల చివర, కండరానికి కదలమని చెప్పే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదల కాకుండా అది నెమ్మదిగా అడ్డుకుంటుంది కాబట్టి, దూరపు కండరాలకు వ్యాపిస్తే ఆ లక్షణాలు కొన్ని గంటల నుంచి కొన్ని వారాల లోపు ఎప్పుడైనా బయటపడవచ్చు. 2009లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందులకు తప్పనిసరి చేసిన బాక్స్ హెచ్చరికలో (మందు సమాచార పత్రంలో గడి కట్టి ముద్రించే తీవ్ర హెచ్చరిక) ఉన్నది ఇదే. ఒకే వస్తువు రెండుగా కనిపించడం, గొంతు బొంగురుపోవడం, మాట ముద్దగా రావడం, మింగుతుంటే పొలమారడం వంటివి సాధారణంగా ఆయాసానికి ముందే కనిపిస్తాయి.

అలాగని బెంగపడవద్దు. కనుబొమల మధ్య గీతలకు వాడే 20 యూనిట్ల మోతాదులో ఇది అత్యంత అరుదు. ఎక్కువ ముప్పు కండరాల బిగుతుకు ఈ సూదులు తీసుకునే పిల్లలకు. 2004లో ఫ్లోరిడాలో నలుగురు వెంటిలేటర్ పాలైంది లైసెన్సు లేని, ప్రయోగశాలల కోసం తయారైన టాక్సిన్ వల్ల. చవకగా వస్తుందని ఎవరో వేసే సూదికి ముఖం అప్పగించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మయస్థీనియా గ్రావిస్ (నరాల నుంచి కండరాలకు సంకేతం సరిగా అందక అవి బలహీనపడే జబ్బు) ఉన్నవారు ఆ మాట ముందే చెప్పాలి.

మంగుకు నా దగ్గర చికిత్స తీసుకునే ఒకావిడ, వేరేచోట మెడకు సూదులు వేయించుకున్న ఆరో రోజున ఫోన్ చేశారు. రెండు రోజులుగా మంచినీళ్లు తాగినా పొలమారుతోందని, పడుకుంటే ఆయాసమని, అయినా ఆక్సీమీటర్ 98 చూపిస్తోందని బొంగురు గొంతుతో చెప్పారు. కోవిడ్ నేర్పిన ఆ అంకె ఇక్కడ మోసం చేస్తుంది, ఎందుకంటే దెబ్బతినేది ఊపిరితిత్తి కాదు, ఊపిరిని లాగే కండరం; అది బాగా అలసిపోయే వరకు అంకె తగ్గకపోవచ్చు. ఈ టాక్సిన్‌కు విరుగుడైన యాంటీటాక్సిన్ కూడా పరిస్థితి ముదరకుండా ఆపుతుందే గాని, పోయిన బలాన్ని వెంటనే తిరిగి ఇవ్వదు. అందుకే 108కి ఫోన్ చేయమన్నాను. ఆవిడ అంతకుముందే ఒక ఆసుపత్రికి వెళ్లి వచ్చారట. పక్కన అత్తగారు ఉన్నారని, సూదుల సంగతి దాచి గొంతునొప్పి అని మాత్రమే చెప్పారట.