క్రైస్తవ విశ్వాసం, కళాశాల పాఠం: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

నేను డిగ్రీ, పీజీ విద్యార్థులకు వృక్షశాస్త్రం చెబుతాను. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్తాను. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయని అనుమానపడేవాళ్లు స్టాఫ్ రూములోనూ ఉన్నారు, సంఘంలోనూ ఉన్నారు. వాళ్ల నోట తరచూ వినే మాటలకు ఇవి నా జవాబులు.

అపోహ: విశ్వాసాన్ని బోధనతో కలపడమంటే పాఠం మధ్యలో బైబిలు వాక్యం చెప్పడం.

వాస్తవం: కిరణజన్య సంయోగక్రియ మొదలుపెడుతూ "వెలుగు కమ్మని పలుకగా" అనడం చాలా తేలిక. దానివల్ల కాల్విన్ చక్రంలో, అంటే మొక్క బొగ్గుపులుసు వాయువును చక్కెరగా మార్చే చర్యల్లో, ఒక్క మెట్టు కూడా అర్థం కాదు. (ఈ కాల్విన్ క్రైస్తవ మత సంస్కర్త జాన్ కాల్విన్ కాదు, అమెరికన్ రసాయన శాస్త్రవేత్త మెల్విన్ కాల్విన్. ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు.)

ఈ విషయంలో నాకు గురువు బెల్జియం మతాచార్యుడు జార్జ్ లెమైత్ర్. విశ్వం విస్తరిస్తోందని 1927లో గణితంతో చూపి, 1931లో ఆదిమ అణువు భావనను, అంటే విశ్వమంతా ఒకే అణువు నుంచి మొదలైందన్న ఆలోచనను, ముందుకు తెచ్చిన భౌతిక శాస్త్రవేత్త ఆయనే. 1951లో పోప్ 12వ పయస్ ఒక ప్రసంగంలో, ఆధునిక విజ్ఞానం ఆ తొలి "వెలుగు కమ్ము"కు సాక్ష్యం చెబుతోందన్నంత దూరం వెళ్లారు. మనలో ఎవరైనా అయితే ఆ మాటను ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకునేవాళ్లం. లెమైత్ర్ మాత్రం ఇబ్బంది పడ్డారు. తన సిద్ధాంతం మతపరమైన ప్రశ్నలకు పూర్తిగా వెలుపలిదన్నది ఆయన అభిప్రాయం. మరుసటి ఏడాది రోమ్‌లో ఖగోళ శాస్త్రవేత్తల ముందు మాట్లాడినప్పుడు పోప్ ఆ వాదన మళ్లీ ఎత్తలేదు. తన లెక్కను తన మతానికే సాక్షిగా నిలబెడుతుంటే వద్దనడానికి ఎంత విశ్వాసం కావాలో ఆలోచించండి.

అపోహ: విశ్వాసి పరిణామ సిద్ధాంతాన్ని మనసు చంపుకొని చెబుతాడు.

వాస్తవం: డార్విన్ తన సిద్ధాంతాన్ని పుస్తకంగా అచ్చు వేయకముందే, 1857లో, ఉత్తరంలో వివరించి పంపింది హార్వర్డ్ వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రేకు. గ్రే ప్రెస్బిటేరియన్ అనే ప్రొటెస్టంట్ శాఖకు చెందిన విశ్వాసి. అమెరికాలో డార్విన్ తరఫున గట్టిగా వాదించినవాడూ ఆయనే. జీవుల్లో వచ్చే మార్పుల వెనుక దేవుని నడిపింపు ఉందని గ్రే అంటే డార్విన్ ఒప్పుకోలేదు. ఆ వాదం ఉత్తరాల్లో సాగుతూనే ఉంది, స్నేహమూ సాగింది.

సిలబస్‌లో ఉన్న పరిణామాన్ని నేను ఆధారాలతో సహా పూర్తిగా చెబుతాను. "మీరు నమ్ముతారా సార్?" అంటే నమ్ముతానంటాను. "మరి ఆదికాండము?" అంటే క్లాసు అయ్యాక రమ్మంటాను, ఎందుకంటే అక్కడ కూర్చున్న చాలామందికి ఆ ప్రశ్నతో పని లేదు. వచ్చినవాళ్లకు ఒకటి దాచకుండా చెబుతాను: చావు లేకుండా ప్రకృతి వరణం (పరిసరాలకు తగినవి మిగిలి సంతానాన్ని పెంచుకోవడం) లేదు, ప్రేమగల సృష్టికర్తతో దాన్ని ఎలా పొసగించాలో నాకింకా చిక్కుముడే.

అపోహ: విశ్వాసి కాబట్టి మార్కులు దయగా వేయాలి.

వాస్తవం: "మన సంఘం పిల్లవాడు, కాస్త చూడండి" అనే ఫోన్లు ఇంటర్నల్స్ సమయంలో వస్తాయి. బీదవాడని పక్షపాతం, గొప్పవాడని అభిమానం రెండూ కూడదని లేవీయకాండము 19వ అధ్యాయంలో ఉంది. ఫోన్ చేసినవారికి అదే గుర్తుచేస్తాను. దయ చూపాలంటే పరీక్షకు ముందు చూపాలి: సాయంత్రం ఇంకో గంట కూర్చుని మళ్లీ చెప్పాలి.

అపోహ: క్రైస్తవ కళాశాల అంటే మతమార్పిడి కేంద్రం.

వాస్తవం: రాజ్యాంగం 30(1) అధికరణం మైనారిటీలకు విద్యాసంస్థలు స్థాపించి నడుపుకునే హక్కు ఇచ్చింది. ప్రభుత్వ గుర్తింపు లేదా నిధులు ఉన్న సంస్థలో ఎవరినీ సమ్మతి లేకుండా మతబోధకో ఆరాధనకో కూర్చోబెట్టకూడదని 28(3) చెబుతోంది. ప్రార్థనకు హాజరు పట్టీ పట్టుకు తిరిగేవాళ్లు ఎక్కడా లేరని నేననను. అది చట్టానికీ విరుద్ధం, విశ్వాసానికీ చేటు.

ఈ మాట వచ్చినప్పుడు నేను మద్రాసు క్రిస్టియన్ కాలేజీని తలచుకుంటాను. తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అక్కడ తత్వశాస్త్రం చదివారు. వేదాంతంలో నీతికి చోటు లేదన్న క్రైస్తవ విమర్శ ఆయనను గుచ్చింది. జవాబుగా ఎం.ఏ.కు వేదాంత నీతి మీదే వ్యాసం రాశారు. 1908లో అది అచ్చయింది. అప్పటికి ఆయనకు 20 ఏళ్లు. ఆ వ్యాసాన్ని చదివిన ఆచార్యుడు ఎ.జి. హాగ్ స్కాట్లాండ్ మిషనరీ. తమ వాదాన్నే ఎదిరించిన ఆ వ్యాసాన్ని హాగ్ మెచ్చుకుని యోగ్యతా పత్రం రాసిచ్చారు. హాగ్ తన నమ్మకాన్ని వదులుకోలేదు, కర్మ సిద్ధాంతం మీద తానూ ఒక పుస్తకం రాశారు. విశ్వాసం, బోధన కలిసిన చోటు చూపమంటే నేను ఆ యోగ్యతా పత్రాన్నే చూపిస్తాను.

అపోహ: పరిశోధనలో విశ్వాసానికి పనేమీ లేదు.

వాస్తవం: క్లోరోఫిల్ కొలిచేటప్పుడు లేదు. పేపరు మీద పేర్లు రాసేటప్పుడు ఉంది. సామర్లకోటలో ఏళ్లపాటు మొక్కలు పెంచి, వర్ణించి, బొమ్మలు వేయించిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1815లో కన్నుమూశాడు. ఆయన వదిలిపోయిన భారతీయ వృక్షాల రాతప్రతులను బెంగాల్‌లోని శ్రీరాంపూర్ మిషనరీ విలియం కేరీ పరిష్కరించి అచ్చు వేయించాడు. 1832 నాటికి మూడు సంపుటాలూ రాక్స్‌బర్గ్ పేరుతోనే వెలువడ్డాయి. ఈ రోజుల్లో ఒక్క ఆకు కోయని పరిశోధన గైడు పేరు కూడా ముందు వరుసలో ఉంటుంది. గ్రంథచౌర్యంపై 2018 యూజీసీ నిబంధనల ప్రకారం, ఇతరుల రాతలతో పోలిక 10 శాతం లోపు ఉంటే చర్య ఉండదు. ఎవరి కష్టం ఎవరి పేరున పోయిందో మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ కొలవదు. అందుకే నా దగ్గర కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థితో మొదటి వారమే కూర్చుని, ఏ పని చేసినవారి పేరు పేపర్లో ఎక్కడ ఉండాలో కాగితం మీద రాసుకుంటాం. ఎండబెట్టిన మొక్కలను హెర్బేరియం షీట్ల మీద అతికించే ల్యాబ్ అసిస్టెంటు పేరు కూడా అందులో ఉంటుంది.