తాడు వదిలేస్తే ఎవరు పడతారు?

"మా బాబాయి ఇరవై ఏళ్ల తాగుడు శివరాత్రికి ఒట్టేసి మానేశాడు. రెండో రోజు ఫిట్స్. మూడో రోజు దుప్పటి మీద లేని చీమల్ని ఏరుతూ కూర్చున్నాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టించాం. మందు మానితే ఇలా అవుతుందా?" అని ఒకాయన అడిగారు.

అవుతుంది. గాలీ కాదు, ధూళీ కాదు. మందు లివర్‌ని తింటుందని అందరూ చెప్పేదే, ఇక్కడ వదిలేస్తున్నా. నన్ను కట్టిపడేసేది మెదడులో సాగే తాడులాగుడు పోటీ.

గాబా అనే రసాయనం నాడీకణాల్ని చల్లబరుస్తుంది, గ్లుటమేట్ రెచ్చగొడుతుంది. మామూలుగా తాడు మధ్యలోనే ఉంటుంది. మందు వచ్చి గాబా వైపు చేరుతుంది, గ్లుటమేట్ జట్టు చేతులు కట్టేస్తుంది. రెండు పెగ్గులకే టెన్షన్ పోయినట్టుండేది అందుకే. రోజూ ఇదే తంతయితే మెదడు ఊరుకోదు. గ్లుటమేట్ జట్టులోకి కొత్తవాళ్లను దించుతుంది, అంటే గ్లుటమేట్ సంకేతాన్ని అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకాలు పెరుగుతాయి. గాబా గ్రాహకాలు మొద్దుబారతాయి. తాడు మళ్లీ మధ్యకొస్తుంది. క్వార్టర్ సరిపోయినవాడికి హాఫ్ కావాల్సొస్తుంది. "ఎంత తాగినా తొణకడు" అని మనవాళ్లు మెచ్చుకునేది సరిగ్గా ఈ దశలోనే!

ఒకరోజు మందు ఉన్నపళంగా తాడు వదిలేస్తుంది. అవతల అదనంగా చేరినవాళ్లు మాత్రం ఇంకా లాగుతూనే ఉంటారు. చెయ్యి వణికి టీ సాసర్లోకి ఒలుకుతుంది, చెమటలు, నిద్ర ఉండదు. ఆఖరి గ్లాసు తర్వాత 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. కొందరికి 2 నుంచి 4 రోజుల మధ్య డెలీరియం ట్రెమెన్స్ వస్తుంది, అంటే వణుకుతోపాటు మతి తప్పి, లేనివి కనిపిస్తాయి. బాబాయికి కనిపించిన చీమలు అవే. వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు.

ఆస్పత్రిలో ఇచ్చే లోరాజెపామ్, డయాజెపామ్ అనే మత్తుమందులు గాబా వైపు తాడు పట్టుకుని, కొన్ని రోజులపాటు కొంచెం కొంచెంగా వదులుతాయి. ఈలోపు అవతలి జట్టు పలచబడుతుంది. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రాజోలం కూడా ఈ కుటుంబానిదే. 2020 లాక్‌డౌన్‌లో కల్లు, వైన్ షాపులు మూసేయగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వణుకుతూ జనం వచ్చిపడ్డారు. ఊరంతా ఒకేసారి తాడు వదిలినట్టయింది.

ఆస్పత్రికి వెళ్లేలోపు ఊళ్లో గ్లూకోజ్ ఎక్కిస్తామంటే, ముందు విటమిన్ బీ1 ఇంజెక్షన్ అడగండి. ఏళ్లుగా తాగినవాళ్లలో బీ1 అడుగంటి ఉంటుంది. ఆ మిగిలిన కాస్తా గ్లూకోజ్‌ని వాడుకోవడానికే ఖర్చయిపోతే చూపు చెదురుతుంది, నడక తూలుతుంది, మాట పొంతన తప్పుతుంది. చూసినవాళ్లు మళ్లీ తాగొచ్చాడనే అనుకుంటారు.