కలువ ఆకు పైవైపు నుంచే ఊపిరి తీసుకుంటుంది

పెరట్లో చిన్న నీటి తొట్టి కట్టించి, నర్సరీ నుంచి కలువ దుంప తెచ్చి వేసి, చూడ్డానికి బాగుంటుందని మధ్యలో ఫౌంటెన్ కూడా పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. కొన్నాళ్లకు ఆకులు చిన్నబోయి, మొగ్గ రాకపోతే "మా నీళ్లు దీనికి పడలేదు" అంటారు. నీళ్ల తప్పు కాదండీ, ఆ ఫౌంటెన్‌ని ఆపి చూడండి.

నేల మీది చెట్లలో చాలావాటికి గాలి పీల్చే సన్నటి రంధ్రాలు ఆకు అడుగున ఎక్కువగా ఉంటాయి. కలువ ఆకు అడుగు నీళ్లకు అంటుకుని ఉంటుంది కదా, అందుకే దాని రంధ్రాలు పైవైపున ఉంటాయి. ఆ పైభాగం మీద పొద్దస్తమానం నీళ్లు చిందుతుంటే ఆకుకు ఊపిరాడదు. కలువకు కదలని నీళ్లు కావాలి, రోజూ కనీసం ఆరు గంటల ఎండ కావాలి.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించేది కాడ. ఒకసారి అడ్డంగా కోసి చూడండి, లోపల గొట్టాలే గొట్టాలు! దుంప ఉండే బురదలో ప్రాణవాయువు దాదాపు ఉండదు, గాలి పైనుంచే రావాలి. కలువకు దగ్గరి చుట్టమైన నూఫర్ అనే పసుపుపూల మొక్క మీద జాన్ డేసీ అనే శాస్త్రవేత్త 1980లో ప్రచురించిన పరిశోధనలో ఇది ఎలా జరుగుతుందో తేలింది: ఎండకు వెచ్చబడ్డ లేత ఆకుల్లో ఒత్తిడి పెరిగి, గాలి కాడల గుండా కింద దుంప దాకా వెళ్లి, ముదురు ఆకుల గుండా బయటికి వచ్చేస్తుంది. పసుపు రంగుకు తిరిగిన ఆకుల్ని కాడ మొదలు దాకా కోసి తీసెయ్యాల్సిందే, లేకపోతే కుళ్లి నీళ్లు పాడవుతాయి. కానీ శుభ్రం చేస్తున్నామని పచ్చటి ఆకుల్ని దూసెయ్యకండి, దుంపకు గాలి అందే దారి అవే.

నాటడానికి లోతు కన్నా వెడల్పు ఎక్కువున్న టబ్బు మంచిది. బరువైన చెరువు మట్టి వాడండి. కొబ్బరి పొట్టు వద్దు, తేలిపోతుంది. పచ్చి పేడ అసలే వద్దు, నీళ్లు కంపు కొడతాయి. మొలక వచ్చే చోటు మట్టిలో కూరుకుపోకుండా చూసి, చుట్టూ కాస్త గులకరాళ్లు పరచండి. మొదట్లో మొలక మీద అరడుగు నీళ్లు చాలు. ఎరువు బిళ్లల్ని మట్టిలోకి లోతుగా గుచ్చాలి, నీళ్లలో చల్లితే తినేది నాచే. ఆకులు సగం తొట్టిని కప్పేస్తే నీడ పడి ఆ నాచు కూడా తగ్గుతుంది. పేనుబంక పడితే నీళ్లతో గట్టిగా కడిగెయ్యండి, చేపలుంటే పురుగుమందు జోలికే పోవద్దు.

కొనేటప్పుడు పూసే వేళ అడగండి. నీలి కలువ పొద్దున విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంటుంది. మన ఎర్ర కలువ చీకటి పడుతుండగా విచ్చుకుని మర్నాడు పొద్దెక్కేదాకా ఉంటుంది. చంద్రుణ్ణి కలువరేడు అన్నది ఇలాంటి వాటిని చూసే. పగలంతా ఆఫీసులో ఉండేవాళ్లు రాత్రి పూసేది తెచ్చుకుంటే పువ్వుని చూసే భాగ్యం ఉంటుంది.

పువ్వు మూడు నాలుగు రోజులు ఉంటుంది. చాలా కలువల్లో మొదటి రోజు నడిమి గిన్నెలో తీయటి ద్రవం ఊరుతుంది. వేరే పువ్వు నుంచి పుప్పొడి మోసుకొచ్చిన పురుగు అందులో జారితే ఆ పుప్పొడి అక్కడ కడుక్కుపోయి గింజ కడుతుంది, పురుగు ఒక్కోసారి మునిగి చచ్చిపోతుంది కూడా. రెండో రోజు నుంచి ద్రవం ఉండదు, పువ్వు తన పుప్పొడిని ఇవ్వడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత కాడ చుట్టలు చుట్టుకుంటూ కాయను నీళ్ల కిందికి లాగేసుకుంటుంది. గింజలు కావాలంటే ఆ కాడను కొయ్యకుండా వదిలెయ్యండి, కాయ పగిలాక గింజలు కొంతసేపు నీటి మీద తేలి, తర్వాత బురదలోకి దిగుతాయి.