ఫ్యాన్ ఫిక్షన్ చదివే మా పిల్లలకి

పిల్లలూ,

మీరిద్దరూ రాత్రిళ్ళు ఫోన్లో ఫ్యాన్ ఫిక్షన్, అదే అభిమానులు తమకి నచ్చిన సినిమాల, పుస్తకాల పాత్రలతో సొంతంగా రాసే కథలు, చదువుతున్నారని మీ అమ్మ చెప్పింది. చదవండి, నేనూ చదువుతాను, ఇది తిట్టడానికి రాస్తున్న ఉత్తరం కాదు. చదివాక కింద ఏం రాస్తున్నారన్నదే నాకు ముఖ్యం.

ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్, మీరు ఏఓత్రీ అంటారే, ఆ కథల వెబ్‌సైటు 2009 నుంచి నడుస్తోంది, యాడ్స్ ఉండవు, వాలంటీర్లే నడుపుతారు, విరాళాలతో. 2019లో దానికి సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డు కూడా వచ్చింది. కానీ అక్కడ కథ రాసినవాళ్ళకి ఒక్క రూపాయి రాదు. ఆఫీసు నుంచి వచ్చి వంట చేసుకుని రాత్రి కూర్చుని యాభై వేల పదాలు రాసినవాళ్ళకి దక్కేది మనం నొక్కే కుడోసు (లైకు లాంటిది), పెట్టే కామెంటు, అంతే. కుడోస్ కూడా ఇరవై చాప్టర్లున్న కథకైనా ఒక్కసారే నొక్కగలం, మరి పదిహేనో చాప్టర్ మిమ్మల్ని కదిలించిందని వాళ్ళకెలా తెలుస్తుంది, మీరు రాస్తేనే కదా.

పెద్ద వ్యాసం అక్కర్లేదు. "సూపర్" అన్నా సంతోషిస్తారు, నిజంగానే. కానీ మీరు ఎక్కడ ఆగిపోయారో, ఏ లైను రెండోసారి చదివారో అది రాయండి. "అన్నదమ్ములు మాట్లాడుకోకుండా భోంచేస్తున్నప్పుడు తమ్ముడు పెరుగు గిన్నె అటు జరిపాడు చూడండి, నాకు ఏడుపొచ్చేసింది" అని రాశారనుకోండి, ఆ గిన్నె అక్కడ పెట్టడానికి ఎంత ఆలోచించారో వాళ్ళకే తెలుసు, అది ఎవరో ఒకరు గమనించారని తెలిస్తే ఆ కామెంటు దాచుకుంటారు. ఇది చాట్‌జీపీటీతో రాయించకండి, మీ మాట వంకరగా ఉన్నా మీదే ఉండాలి.

"నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు" అని మాత్రం అడక్కండి. ప్రేమతోనే అడుగుతారు, నాకు తెలుసు, కానీ అటువైపు దాన్ని చదివే రచయితకి అది అప్పులవాడి ఫోన్‌లాగే ఉంటుంది. "తర్వాత ఏమవుతుందా అని తెగ ఆలోచిస్తున్నాను" అంటే అదే ఆత్రం, కానీ ఎవరినీ తొందరపెట్టినట్టు ఉండదు.

తప్పులు చెప్పడం గురించి. ఆథర్స్ నోట్‌లో "కన్‌క్రిట్ ఇవ్వండి" అని, అంటే మెరుగుపడేలా తప్పులు చెప్పమని, రచయితలే రాస్తే మొహమాటం లేకుండా చెప్పండి, మర్యాదగా. రాయకపోతే ఊరుకోండి. అక్కడ చాలామందికి ఇంగ్లీషు సొంత భాష కాదు, మనలాగే, వచ్చీరాని భాషలో ధైర్యం చేసి రాసినవాళ్ళకి అడక్కుండా గ్రామర్ దిద్దితే మళ్ళీ రాయరు. టైపో మరీ ఇబ్బందిగా ఉంటే "ఒకటి కనిపించింది, చెప్పొచ్చా" అని అడిగి చెప్పండి. ఇక ట్యాగుల్లో, అంటే కథ పైన ఉండే వివరాల్లో, ఏ జంట ప్రేమకథో ముందే రాసిపెట్టినా చదివి, ఆ జంట నాకు నచ్చలేదని తిట్టడం ఏం పద్ధతి? నచ్చకపోతే బ్యాక్ కొట్టి వెళ్ళిపోవడమే.

ఫ్యాన్ ఆర్ట్‌కీ, అంటే అభిమానులు గీసే ఆ పాత్రల బొమ్మలకీ, ఇంతే. సంతకం కత్తిరించి మీ స్టేటస్‌లో పెట్టుకోకండి, "నాకూ ఒకటి ఫ్రీగా గీయండి" అనకండి, వేరే ఆర్టిస్టుతో పోల్చకండి. ఆ కళ్ళలో వెలుగు ఎలా వేశారో, చీర రంగు ఎంత బాగా కుదిరిందో అది చెప్పండి.

పాత కథలకి కూడా రాయండి, పదేళ్ళ కిందటిదైనా సరే. 1967లో స్టార్ ట్రెక్ అభిమానులు పత్రికలు అచ్చేసి పోస్టులో పంపుకునే రోజుల నుంచీ చదివినవాళ్ళు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. కథ రాసినవాళ్ళు జవాబివ్వకపోయినా చిన్నబుచ్చుకోకండి, చాలామందికి సిగ్గు, ఏం చెప్పాలో తెలీక ఊరుకుంటారు.

మంచి కథ ఏదైనా దొరికితే నాకూ లింకు పంపండి.

మీ పెద్దమ్మ