40 శాతం వైకల్యం లేకపోతే స్క్రైబ్ ఇవ్వరా? కొన్ని అపోహలు, వాస్తవాలు

పరీక్ష ఫారాలు నింపే రోజులొచ్చాయంటే మా గదిలో ఒకటే మాట: "మావాడికి 40 శాతం రాలేదు సార్, ఇంకేటి అడుగుతాం?" ఒడిశాలోని బరంపురంలో ఓ డిగ్రీ కళాశాలలో దివ్యాంగ విద్యార్థుల పనులు నేను చూస్తుంటాను. పర్లాకిమిడి, గుణుపురం నుంచి వచ్చినవాళ్లయినా, ఈ ఊరి తెలుగువాళ్లయినా అందరి నోటా అదే. ఎవరు పుట్టించారో గానీ, ఈ పుకారు నమ్మి అడగకుండా ఉండిపోయి పేపర్లు పోగొట్టుకున్న పిల్లలు చాలామంది.

అపోహ: 40 శాతం లేకపోతే ఏ సౌకర్యమూ రాదు.

వాస్తవం: ఆ 40 శాతం రిజర్వేషన్ కోసం పెట్టిన హద్దు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు, వయసులో 5 ఏళ్ల సడలింపు కావాలంటే అది ఉండాలి. స్క్రైబ్ (అంటే మనం చెబుతుంటే జవాబులు రాసిపెట్టే మనిషి), అదనపు సమయం, కింది అంతస్తులో గది లాంటివి వేరే లెక్క. వికాశ్ కుమార్ అనే సివిల్స్ అభ్యర్థికి రైటర్స్ క్రాంప్ ఉంది, అంటే పెన్ను పట్టి రాస్తుంటే చెయ్యి బిగుసుకుపోతుంది. వైద్యులు ఆయనకు తేల్చిన వైకల్యం 6 శాతం. అవును, ఆరే! 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆయనకు స్క్రైబ్ ఇవ్వాల్సిందే అంది. ఆ తర్వాత 2022 ఆగస్టులో, 40 శాతం లోపు ఉండి రాయడానికి ఇబ్బంది పడేవాళ్ల కోసమే కేంద్రం మార్గదర్శకాలు విడుదల చేసింది. అదనపు సమయం గంటకు 20 నిమిషాలకు తగ్గకూడదు. మూడు గంటల పేపరైతే ఇంకో గంట వస్తుందన్నమాట.

ఇదంతా చెప్పినా నమ్మని ఒక తండ్రి గుర్తొస్తున్నాడు. పర్లాకిమిడి దగ్గరి పల్లె, జీడిపిక్కల వ్యాపారం. కూతురికి చిన్నప్పుడు కుడి చెయ్యి విరిగి సరిగా అతకలేదు. సర్టిఫికెట్‌లో 30 శాతం. "వద్దులెండి సార్, అడిగి లేదనిపించుకోవడం దేనికి" అంటాడు. ఆ అమ్మాయి ఇంటర్నల్ పేపర్లు తెప్పించి చూశాను. మొదటి పేజీల్లో అక్షరాలు గుండ్రంగా, తీరుగా ఉన్నాయి. నాలుగో పేజీకి గీత వదిలేసి కిందికి జారిపోయాయి. చివర ప్రశ్న నెంబరు వేసి వదిలేసింది. ఆ జవాబే చెప్పమంటే నా ముందు గడగడా చెప్పింది.

దరఖాస్తు రాసుకురమ్మంటే "నేను వికలాంగురాలిని, దయచేసి సహాయం చేయగలరు" అని తెచ్చింది. అలా రాస్తే ఆఫీసులో ఎవరికీ ఏం చేయాలో తెలియదు. మళ్లీ రాయించాను: "ఏకబిగిన అరగంట రాస్తే కుడిచేతి వేళ్లు బిగుసుకుపోతాయి. స్క్రైబ్, గంటకు 20 నిమిషాల అదనపు సమయం కోరుతున్నాను." డాక్టరు ఇచ్చే కాగితంలోనూ జబ్బు పేరొక్కటే చాలదు, రాయలేకపోవడం గురించి స్పష్టంగా ఉండాలి. అన్నట్టు, స్క్రైబ్ దొరకగానే పని అయిపోదు. చెప్పి రాయించడం కూడా అలవాటు కావాలి. కెమిస్ట్రీ ఫార్ములా చెప్పేటప్పుడు "హెచ్, కింద చిన్న రెండు, ఓ" అనడం ఈ అమ్మాయికి ముందు నవ్వొచ్చింది, తర్వాత విసుగొచ్చింది, పరీక్ష నాటికి నోటికొచ్చేసింది. బ్యాక్‌లాగ్‌లు ఆ సెమిస్టర్‌లోనే తీసేసింది.

అపోహ: పైకి కనిపిస్తేనే వైకల్యం.

1995 నాటి పాత చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి, 2016 చట్టంలో 21. మన కొరాపుట్, రాయగడ వైపు పిల్లల్లో కనిపించే సికిల్ సెల్ అనే రక్త జబ్బు కూడా ఆ జాబితాలో ఉంది. నొప్పులు మొదలైతే ఆ పిల్లలు బెంచీ మీద కూర్చోలేరు. ఆసుపత్రిలో ఉన్న రోజులకు హాజరు మినహాయింపు, హాలులో నీళ్ల సీసా, తలుపు దగ్గర సీటు అడగండి. ఇవి అడగడానికి మొహమాటం ఎందుకు?

అపోహ: ఒడిశా సర్టిఫికెట్ ఆంధ్రాలో చెల్లదు.

చెల్లుతుంది. దేశమంతా చెల్లుతుందని చట్టంలోనే ఉంది. విశాఖలో పీజీకి వెళ్తూ మళ్లీ మెడికల్ బోర్డు చుట్టూ తిరగకండి.

అపోహ: అడ్మిషన్‌లో సర్టిఫికెట్ ఇచ్చేశాం కదా, అన్నీ వాళ్లే చూసుకుంటారు.

చూసుకోరు. అడ్మిషన్ ఫైలు ఒకచోట, పరీక్షల విభాగం మరోచోట. ప్రతి సెమిస్టర్ ఫారంతో పాటు దరఖాస్తు పెట్టి, నకలు మీద స్టాంపు వేయించుకోండి.

ఆడపిల్లల తల్లులు గొంతు తగ్గించి అడిగేది ఇంకొకటి ఉంది: "మెమోలో రాస్తారా సార్, రేపు సంబంధాలు..." వాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది. నేను చూసిన మార్కుల మెమోల్లో ఎక్కడా స్క్రైబ్ మాట లేదమ్మా.

ఇక, కౌంటర్ దగ్గర "రూల్ లేదు" అంటే వాదన పెట్టుకోవద్దు. ఆ మాటే కాగితం మీద రాసివ్వమనండి. స్క్రైబ్, అదనపు సమయం లాంటి సముచితమైన సర్దుబాటు నిరాకరిస్తే అది వివక్షేనని చట్టం చెబుతోంది. ఆ కాగితం పట్టుకుని భువనేశ్వర్‌లో దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. శాతం పెంచి ఇప్పిస్తామని ఆసుపత్రి గేటు దగ్గర తగిలే ఏజెంట్ల జోలికి మాత్రం పోకండి. దొంగ పద్ధతిలో లబ్ధి పొందితే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ. అయినా 30 శాతానికే స్క్రైబ్ వస్తున్నప్పుడు వాడికి డబ్బులెందుకు పోయడం?