పసుపు, పసుపు క్యాప్సూల్: అపోహలు - వాస్తవాలు

లివర్ జబ్బులు చూసే డాక్టర్ని. ఓపీలో ఈమధ్య తరచూ వినే మాట: "అది మందేం కాదమ్మా, పసుపే కదా!" ఆ తర్వాత సంచిలోంచి డబ్బా బయటికొస్తుంది. కర్క్యుమిన్ 95 శాతం, నల్లమిరియాల సారం అని దాని మీద రాసి ఉంటుంది. కర్క్యుమిన్ అంటే పసుపుకు ఆ రంగునిచ్చే పదార్థం. మోకాళ్ల నొప్పులకనో, ఇమ్యూనిటీకనో నెలల తరబడి వేసుకుంటుంటారు. వాడే మందులేమిటని అడిగితే మాత్రం దాని పేరు చెప్పరు.

అపోహ: తరతరాలుగా తింటున్నదే కాబట్టి క్యాప్సూల్ ఎన్నాళ్లు వేసుకున్నా ఏమీ కాదు.

పప్పులో, పులిహోరలో వేసే పసుపు జీవితాంతం తినండి, భయం లేదు. ప్రమాదమంతా రెండింటినీ ఒకటే అనుకోవడంలో ఉంది. పసుపులో కర్క్యుమిన్ ఉండేది సుమారు 3 శాతమే. నలుగురికి వండే కూరలో అర చెంచా పసుపు వేస్తే ఒక్కొక్కరికి చేరేది పది, పదిహేను మిల్లీగ్రాములు. 500 మి.గ్రా. క్యాప్సూల్ ఒక్కటి మింగితే 475. రోజుకు రెండు వేసుకుంటే 30 గ్రాముల పసుపు తిన్నట్టే. ఏ ఇంట్లో తింటారండీ అంత? ఆహారంలో రంగుగా వాడే కర్క్యుమిన్‌కు అంతర్జాతీయ నిపుణులు పెట్టిన పరిమితి రోజుకు కిలో బరువుకు 3 మి.గ్రా. అంటే 60 కిలోల మనిషికి 180.

ఇక మిరియాల సంగతి. కర్క్యుమిన్ మామూలుగా ఒంటికి పట్టదు, చాలావరకు పేగుల్లోంచే వెళ్లిపోతుంది. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో 2 గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు 20 మి.గ్రా. పైపెరిన్ (మిరియాలకు ఘాటునిచ్చే పదార్థం) ఇచ్చి చూస్తే, రక్తంలోకి చేరేది 20 రెట్లు పెరిగింది. కంపెనీలు దీన్ని గొప్పగా చెప్పుకుంటాయి. కానీ పైపెరిన్ కొన్ని ఇతర మందులు ఒంట్లోంచి పోవడాన్ని కూడా ఆలస్యం చేస్తుందని మాత్రం చెప్పవు.

అమెరికాలో పసుపు సప్లిమెంట్ల వల్ల లివర్ దెబ్బతిన్న 10 మంది వివరాలు 2022లో వెలువడ్డాయి. వాళ్లలో ఒకరు చనిపోయారు. ఏడుగురిలో హెచ్ఎల్ఏ-బి 35:01 అనే జన్యు రకం కనిపించింది. అది మనలో ఎవరికుందో చూసి చెప్పలేం. అందుకే "మా బావగారు రెండేళ్లుగా వేసుకుంటున్నారు, గుండ్రాయిలా ఉన్నారు" అన్న మాట మీకు పనికిరాదు. ఇటలీ ఇలాంటి కేసులు చూశాకే 2022లో లేబుల్ మీద హెచ్చరిక తప్పనిసరి చేసింది. 2023లో ఆస్ట్రేలియా కూడా హెచ్చరించింది.

నేను చూసిన ఒక రిటైర్డ్ టీచర్‌గారి సంగతి చెప్తాను. కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం ముదురు రంగు, అన్నం చూస్తేనే వికారం. హెపటైటిస్ ఏ, బి, సి, ఈ అన్నీ నెగటివ్. స్కానింగ్‌లో రాళ్లు లేవు. బీపీ బిళ్ల, కాల్షియం తప్ప ఇంకేమీ వాడట్లేదన్నారు. పథ్యం మాత్రం గట్టిగా చేస్తున్నారు: నూనె మానేశారు, కూరలో పసుపు మానేశారు. అబ్బాయి డల్లాస్ నుంచి పంపిన క్యాప్సూల్ మాత్రం పొద్దున ఒకటి, రాత్రి ఒకటి నడుస్తూనే ఉంది. ఆ సంగతి బయటపెట్టింది పక్కన కూర్చున్న కోడలు. క్యాప్సూల్ ఆపించాం, కొన్ని వారాలకు లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ దారికొచ్చింది. ఆవిడ తప్పేం లేదు. కొడుకు ప్రేమగా పంపాడు, డబ్బా మీద "సహజం" అని ఉంది, ఇంకెవరిని అడుగుతారు?

అపోహ: కామెర్లొస్తే పసుపు తినకూడదు, పచ్చదనం పెరుగుతుంది.

ఆ పచ్చదనం రక్తంలో పేరుకునే పచ్చటి పదార్థం బిలిరుబిన్‌ది. దానికీ కూరలో పసుపుకీ సంబంధం లేదు.

అపోహ: షుగర్, క్యాన్సర్ మందులు మానేసి పసుపు వాడితే చాలు.

చాలదు. ఆ వాట్సాప్ మెసేజ్ ఎవరు పంపినా సరే, మందు ఆపొద్దు.

అపోహ: అయితే పసుపుతో ఉపయోగమే లేదు.

అదీ తప్పే. మోకాళ్ల అరుగుదల నొప్పికి కొంత ఉపశమనం ఉందని చిన్న అధ్యయనాల్లో కనిపించింది. కానీ అవి ఎక్కువగా కొన్ని వారాలు, కొన్ని నెలలు జరిగినవే. ఏళ్ల తరబడి వాడకానికి వాటిని హామీగా తీసుకోలేం. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, కిడ్నీ మార్పిడి మందుల మీద ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దు.

ఇది చదివి టెన్షన్ పడుతున్నవాళ్లకు: వేసుకున్న వాళ్లలో ఎక్కువమందికి ఏమీ కాదు. ఆకలి చచ్చిపోవడం, దురద, మూత్రం రంగు మారడం, కళ్లు పచ్చబడడం, వీటిలో ఏది కనిపించినా క్యాప్సూల్ ఆపి, లివర్ పనితీరు చూపే రక్తపరీక్ష ఎల్ఎఫ్‌టీ చేయించుకోండి. వచ్చేటప్పుడు డబ్బా పట్టుకురండి, ఖాళీదైనా సరే. లేబుల్ మీద ఏముందో నేను చూడాలి.