హ్యాండిల్ టైట్ చెయ్యమంటారు సరే, ఎంత టైట్? కోన్ సెట్ మీద అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో బైకులు రిపేరు చేస్తుంటాను. వానలకు రోడ్లు గుంతలు పడ్డాయంటే చాలు, బండి స్టాండు వేయకముందే మొదలుపెడతారు: “అన్నా, హ్యాండిల్ లూజ్ కొడుతున్నది, జర టైట్ చెయ్యి.” ఆ టైట్ అన్న మాటతోనే నాకు పేచీ. టీ కప్పులో చక్కెరలాగా ఎవరి రుచికి వాళ్లు వేసుకునేది కాదిది. హ్యాండిల్ కింద ఫ్రేము మెడలో పైన ఒక కప్పు, కింద ఒక కప్పు, వాటిలో ఉక్కు గోళీలు ఉంటాయి. దాన్నే మనం కోన్ సెట్ అంటాం. ఆ గోళీలకు ఆట, అంటే వదులుగా కదిలే సందు, ఉండొద్దు, పట్టేయడమూ ఉండొద్దు. ఆ రెండింటి మధ్య ఉన్న చోటు చాలా చిన్నది.

అపోహ: హ్యాండిల్ టైట్‌గా ఉంటే స్పీడులో బండి ఊగకుండా పోతుంది.

పని నేర్చుకునే రోజుల్లో నేనూ ఇదే నమ్మాను. ఒకాయన బండికి రింగు నట్టు, అంటే కోన్ సెట్‌ను బిగించే గుండ్రటి నట్టు, బిర్రుగా బిగించి పంపించాను, ములుగు రోడ్డు దాకా పోయి తిట్టుకుంటూ తిరిగొచ్చాడు, “నువ్వేం చేసినవో గని, బండి తాగినోని లెక్క పోతున్నది.” నిజమే. బండి నేరుగా పోతోందని మనం అనుకుంటాం కానీ అది క్షణక్షణం కొంచెం ఎడమకు, కొంచెం కుడికి ఒరుగుతూనే ఉంటుంది, ఒరిగిన వైపుకు ముందు చక్రం తనంతట తానే తిరిగి బండిని లేపుతుంది, మనకు తెలియను కూడా తెలియదు. మెడ బిగుసుకుంటే ఆ పని ఆగిపోతుంది. అప్పుడు నడిపేవాడే చేతులతో సర్దాలి, సర్దిన ప్రతిసారీ కొంచెం ఎక్కువే తిప్పుతాడు, బండి పాములా పోతుంది. నెమ్మదిగా పోయేటప్పుడైతే ఇంకా అన్యాయం, ట్రాఫిక్‌లో బ్యాలెన్స్ దొరకదు. పైగా గోళీలు కప్పుకు గుచ్చుకుని గుంటలు పడతాయి.

మరి ఎలా చూడాలి? డబుల్ స్టాండు వేసి, వెనక ఎవరినైనా కూర్చోబెట్టి ముందు చక్రం గాలిలోకి లేపండి. హ్యాండిల్ నేరుగా పెట్టి ఒక వేలితో మెల్లగా ఒక వైపు నెట్టి వదలండి. చివరిదాకా తనంతట తాను జారిపోవాలి. రెండో వైపూ అంతే. మధ్యలో ఆగితే టైట్ ఎక్కువన్నట్టు. తర్వాత ముందు కూర్చుని షాకప్‌ల కింది చివర్లు పట్టుకుని ముందుకూ వెనక్కీ ఊపండి, టకటకలాడితే లూజ్. రెండు పరీక్షలూ పాసైతే దాన్ని ముట్టుకోకండి, నా షాపుకు కూడా తేకండి.

బిగించే పద్ధతి మాత్రం చెప్పాలి, ఎందుకంటే చాలాచోట్ల ఉలి పెట్టి సుత్తితో రింగు నట్టును రెండు దెబ్బలు వేసి అయిపోయిందంటారు. మీ రింగు నట్టు మీద గాట్లు ఉంటే మీ బండికీ అదే జరిగిందని లెక్క. దానికి సీ స్పానర్ అని కొక్కెంలా వంగిన పానా ఉంది. రెండు షాకప్‌లనూ కలిపి పట్టుకునే పట్టీలు మెడకు పైన ఒకటి, కింద ఒకటి ఉంటాయి, వాటినే టీ అంటాం. ముందు పై టీ దగ్గర షాకప్ రాడ్లను పట్టుకునే బోల్టులు వదులు చేయాలి, లేకపోతే టీ కదలదు, మనం బిగించామనుకుంటాం కానీ కోన్ మీద ఏమీ పడదు. రింగు నట్టు కాస్త గట్టిగా బిగించి, హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగైదు సార్లు తిప్పి గోళీలను కూర్చోనివ్వాలి, ఆ తర్వాత పావు చుట్టు లోపే వెనక్కి వదలాలి. పై టీ మీది నట్టు బిగించాక మళ్లీ చూడాలి. ఇదే అందరూ మర్చిపోయేది, పై నట్టు బిగించినప్పుడు టీ కిందికి నొక్కుకుని సెట్టింగు ఇంకొంచెం టైట్ అవుతుంది. ఒక్కసారికి కుదరదు, నాకూ రెండు మూడు సార్లు పడుతుంది.

అపోహ: మధ్యలో టక్కున పట్టేస్తోందంటే గ్రీజు పెడితే సరిపోతుంది.

పోదు. బండి ఎక్కువసేపు నేరుగానే నడుస్తుంది కాబట్టి గోళీలు ఎప్పుడూ కప్పులో అవే చోట్ల ఉంటాయి, ప్రతి గుంత దెబ్బా అక్కడే పడుతుంది. చివరికి ఒక్కో గోళీ కింద చిన్న గుంట తయారవుతుంది, హ్యాండిల్ నడిమికి రాగానే గోళీలన్నీ అందులో కూర్చుంటాయి. ఉక్కులో పడ్డ గుంటను గ్రీజు పూడ్చలేదు. టైట్ చేస్తే ఇంకా లోతవుతుంది. సెట్ మొత్తం మార్చాలి, కప్పులతో సహా. డబ్బులు మిగులుతాయని గోళీలు ఒక్కటే మార్చమంటే నేను చేయను. విప్పేటప్పుడు గోళీలు పైన ఎన్ని, కింద ఎన్ని అని లెక్కపెట్టుకోండి, ఒక్కటి బెంచీ కిందికి దొర్లిపోయినా సాయంత్రం దాకా వెతకాల్సిందే.

అపోహ: ముందు బ్రేకు పట్టగానే టక్ అంటే కోన్ సెట్టే లూజ్.

కావచ్చు, కాకపోవచ్చు. షాకప్ బుష్‌లు అరిగినా, చక్రం బేరింగు పోయినా చప్పుడు దాదాపు అలాగే ఉంటుంది. ఫ్రేము మెడకూ కింది టీకీ మధ్య ఉన్న సందులో వేలు పెట్టి, ఇంకొకరిని బ్రేకు పట్టి బండిని ముందుకు తొయ్యమనండి. ఆట అక్కడ వేలికి తగిలితేనే కోన్ సెట్.

హ్యాండిల్ బరువుగా ఉందని వచ్చేవాళ్లకు నేను మొదట చూసేది గాలి. చాలా 100 సీసీ బళ్లకు ముందు టైరులో 25 పీఎస్ఐ ఉండాలి, నొక్కితే చొట్ట పడే టైరుతో వచ్చి కోన్ సెట్ మార్చమంటారు! తర్వాత క్లచ్ కేబుల్, బ్రేకు వైరు, హెడ్‌లైటు వైరింగు. మధ్యలో ఎవరో విప్పి దారి తప్పించి బిగించి ఉంటారు, తిప్పిన ప్రతిసారీ అవి లాగుతుంటాయి.

40-60 స్పీడులో చేతులు వదిలితే హ్యాండిల్ వణుకుతోందంటారు కొందరు. వదలడం ఎందుకన్నది వేరే సంగతి. కోన్ లూజైనా వణుకుతుంది, ముందు టైరు ఎగుడుదిగుడుగా అరిగినా, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగార్మ్ బుష్ పోయినా వణుకుతుంది. టైట్ చేస్తే వణుకు కొద్దిరోజులు దాగుతుందే తప్ప కారణం అలాగే ఉంటుంది.

అపోహ: వాటర్ సర్వీసింగ్ చేయిస్తే బండికి మంచిదే.

మెడ దగ్గర మాత్రం కాదు. ప్రెషర్ నీళ్లు నేరుగా కొడితే గ్రీజు పోయి నీళ్లు నిలుస్తాయి, తుప్పు మొదలయ్యేది కింది కప్పులోనే, ముందు చక్రం ఎగజిమ్మే బురద కూడా దానికే. పొలం గట్ల మీద తిరిగే బళ్లు, భూపాలపల్లి వైపు బొగ్గు దుమ్ములో నడిచేవి, మేడారం పోయొచ్చినవి విప్పితే గ్రీజు రంగే తెలియదు, నల్లటి ఇసుక ముద్ద. అది గోళీలను గరుకు కాగితంలా అరగదీస్తుంది.

పెద్ద బళ్లకు కొందరు గోళీల బదులు టేపర్ రోలర్లు, అంటే ఒక కొన సన్నగా ఉండే చిన్న ఉక్కు కడ్డీలు, వేయించుకుంటున్నారు, మంచిదే, దెబ్బ గోళీ మొనమీద కాకుండా రోలరు పొడవునా పడుతుంది. కానీ వాటికి కొంచెం ఒత్తిడి ఉంచి బిగించాలి, కాబట్టి వేలితో నెట్టే పరీక్షలో గోళీల బండంత తేలిగ్గా జారదు, టైట్ అయిందని కంగారుపడి వదులు చేయించకండి. ఏ సెట్ వేసినా కొత్త కప్పులు ఫ్రేములో పూర్తిగా కూర్చోవడానికి కొన్ని రోజులు పడుతుంది. వారం పది రోజులు తిరిగాక ఒకసారి రండి, చూసి సరిచేసి పంపిస్తాను, దానికి పైసలు తీసుకోను.